‘నిర్బంధ విద్య’లో నిర్బంధం ఎవరికి?

సందేహం: మా పాప చదివే బడి గోడ మీద ‘ఉచిత నిర్బంధ విద్య పిల్లల హక్కు’ అని రాశారు. హక్కు అంటూనే నిర్బంధమేమిటి? మావారేమో ‘నిర్’ అంటే లేకపోవడం కాబట్టి ‘బంధాలు లేని చదువు’ అంటున్నారు. ‘తప్పనిసరి విద్య’ అంటే సరిపోదా?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

సమాధానం: అమ్మా, నిర్భయం, నిర్మలం వంటి మాటల్లో ‘నిర్’కు లేకపోవడమనే అర్థం. నిర్ణయం, నిర్దేశం, నిర్బంధం అలాంటివి కావు. వాటిలో అది గట్టిదనాన్ని చెబుతుంది. సంస్కృతంలో నిర్బంధమంటే పట్టుదల, ఒత్తిడి. ‘నిర్బంధించి భోజనానికి కూర్చోబెట్టారు’ అని పెద్దవాళ్లంటే అందులో ఉన్నది ఆప్యాయతే. గృహనిర్బంధం లాంటి వార్తలు చదివీ చదివీ ఇప్పుడా మాట వినగానే తాళంకప్ప గుర్తొస్తోంది. మీ మనసు చివుక్కుమనడంలో తప్పులేదు.

అసలు చిక్కు సమాసంలో ఉంది. ‘నిర్బంధ విద్య’ అంటే ఎవరు ఎవరిని నిర్బంధిస్తున్నారో తెలియదు. పద్నాలుగేళ్లు నిండేవరకు పిల్లలందరికీ ఈ విద్య అందేలా రాజ్యం పదేళ్లలో ప్రయత్నించాలని రాజ్యాంగం 45వ అధికరణంలో రాసుకున్నాం. ఆ గడువు 1960లోనే దాటిపోయింది. అది ఆదేశిక సూత్రం, అంటే ప్రభుత్వానికి దారి చూపే మాట మాత్రమే కనుక కోర్టుకెక్కి ‘ఏదీ?’ అని నిలదీసే వీల్లేకపోయింది. 1993లో ఉన్నికృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు దారి తెరిచింది. ఆ కేసులో ప్రతివాది మన ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమే. తగాదా మొదలైంది మాత్రం ప్రైవేటు వృత్తివిద్యా కళాశాలల ఫీజుల దగ్గర. 14 ఏళ్ల వరకు చదువు, జీవించే హక్కులోంచి వచ్చే ప్రాథమిక హక్కేనని న్యాయమూర్తులు తేల్చారు. మెజారిటీ తీర్పు రాసింది జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి. ఆ తర్వాత 2002లో 86వ సవరణతో 21ఎ అధికరణం, 2009లో విద్యాహక్కు చట్టం వచ్చాయి.

ఆ చట్టం 8వ సెక్షన్‌లో మీ ప్రశ్నకు జవాబుంది. నిర్బంధ విద్య అంటే ప్రభుత్వానికున్న బాధ్యత అని అక్కడ వివరణ ఇచ్చారు: 6 నుంచి 14 ఏళ్ల ప్రతి బిడ్డకూ ఉచితంగా చదువు చెప్పించాలి, బడిలో చేరేలా, రోజూ వచ్చేలా, పూర్తిచేసేలా చూడాలి. బిడ్డను బడిలో చేర్చే బాధ్యత తల్లిదండ్రులకూ ఉంది, 10వ సెక్షన్‌లో. ఇంత పెద్ద పూచీని మన సమాసం మింగేసి, సంకెళ్లను పిల్లల వైపు చూపించడం నాకు బాధగా ఉంటుంది.

ఇక ‘తప్పనిసరి’. ‘తప్పనిసరై వెళ్లాను’ అంటే ఇష్టం లేకపోయినా వెళ్లానని. ఆ నిస్సహాయత చదువుకు అంటకూడదు. చట్టాల తెలుగులో ‘నిర్బంధ విద్య’ స్థిరపడింది, అక్కడ ఉండనివ్వండి. గోడ మీద మాత్రం ‘ప్రతి బిడ్డకూ ఉచితంగా చదువు చెప్పించడం ప్రభుత్వ విధి’ అని రాస్తే కర్త కనబడతాడు, మీ పాపకూ అర్థమవుతుంది. ఈసారి వెల్ల వేయించేటప్పుడు హెడ్మాస్టరుగారికి చెప్పి చూడండి.