పలికేది ఒక్కటే, రాసేది మూడు రకాలు

ప్రశ్న: అమెరికా వచ్చి రెండు నెలలయింది. ఆఫీసులో షాన్ అనే ఆయనకు మెయిల్ పంపబోయి, పేరు విన్నట్టే రాస్తే అది మరో షాన్‌కు చేరింది. ఒకే పేరును ఇన్ని రకాలుగా ఎందుకు రాస్తారు? ఇంకో సందేహం. మాకు పాప పుట్టబోతోంది, నిత్య అని పెడదామనుకుంటున్నాం. సంఖ్యాశాస్త్రం ప్రకారం చివర రెండు ‘ఏ’లు ఉండాలని మా మామగారు పట్టుబడుతున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: మీరు ఒక్క మెయిల్‌తో బయటపడ్డారు. నేను వచ్చిన కొత్తలో మా మేనేజరు పేరు జి, ఈ, ఓ, రెండు ఎఫ్‌లు చూసి రెండు వారాలు ‘జియోఫ్’ అని పిలిచాను. పాపం, ఆయన పలికారు కూడా. అది ‘జెఫ్’ అని చివరికి రిసెప్షన్‌లో ఉండే ఆవిడ చెప్పింది.

మన లిపిలో సుజాతను ఒకే విధంగా రాస్తాం. స్పెల్లింగుకు ‘వర్ణక్రమం’ అని మాట కట్టుకున్నాం గానీ, తెలుగు పేర్లకు దాని అవసరం పడలేదు. ఇంగ్లీషు సంగతి వేరు. షాన్ నిజానికి జాన్‌కు ఐరిష్ రూపం. దాని పాత రాత ఎస్, ఈ, ఏ, ఎన్. చెవికి వినపడినట్టు రాసుకున్నవారు ఎస్, హెచ్‌లతో మొదలుపెట్టి, మధ్యలో కొందరు డబ్ల్యు, కొందరు యు పెట్టారు. కేట్లిన్ అనే మరో ఐరిష్ పేరు కథ దీనికి తిరగేసినట్టు ఉంటుంది. ఐరిష్ నోట అది ఇంచుమించు క్యాథ్లీన్‌లా వినపడుతుంది. అమెరికా వారు రాతను తమ పద్ధతిలో చదివి కేట్లిన్ చేశారు, ఆ పలుకుకు మళ్లీ కె తోనూ వై తోనూ కొత్త రాతలు పుట్టించారు. ఇక్కడి ప్రభుత్వ సంస్థ సోషల్ సెక్యూరిటీ వారు ఏటా ప్రకటించే పిల్లల పేర్ల జాబితాలో ఒక్కో రాతా ఒక్కో పేరు కిందే లెక్క.

కొన్ని రాతలు కావాలని చేసినవి. గాయని బార్బ్రా స్ట్రైసాండ్ తన పేరులోని మధ్య ‘ఏ’ను తానే తీసేసింది. కొన్ని అనుకోకుండా పుట్టినవి. టీవీ వ్యాఖ్యాత ఓప్రా విన్‌ఫ్రీకి ఇంట్లో పెట్టినది బైబిల్‌లోని ‘ఓర్పా’. జనం నోట తిరగబడి ఓప్రాగా నిలిచింది. అందుచేత ఎవరి పేరునూ మనసులో సరిదిద్దకండి. ‘ఎలా రాస్తారు?’ అని అడగడం ఇక్కడ తప్పు కాదు. అడగకుండా తప్పు రాస్తేనే చిన్నబుచ్చుకుంటారు.

ఇక మీ పాప. మన ‘త’కు మనం ‘టి’, ‘హెచ్’ రాస్తాం, ఉత్తరాది వారు ‘టి’ ఒక్కటే రాస్తారు. ఇక్కడ మొదటిది చూసి ‘నిథ్యా’ అంటారు, రెండోది చూసి ‘నిట్యా’ అంటారు. రెండూ నిత్య కావు. పలుకును అక్షరాలు కాపాడవు, టీచరుకు మీరే నేర్పాలి. కనుక మీకు నచ్చిన రాత ఒకటి ఎంచుకుని దానికే కట్టుబడండి.

రెండో ‘ఏ’ వల్ల పలుకు మారదు గానీ, ఆ పిల్ల జీవితమంతా ఫోనులో ‘చివర రెండు’ అని చెప్పుకుంటూ ఉండాలి. ఆసుపత్రిలో జనన వివరాల ఫారం ఇస్తారు. సోషల్ సెక్యూరిటీ నంబరుకూ సాధారణంగా అందులోనే అడుగుతారు. ఆ పేరే జనన పత్రంలోకి, దాని నుంచి పాస్‌పోర్టులోకి, ఆపైన భారత మూలాలున్న విదేశీ పౌరులకు ఇచ్చే ఓసీఐ కార్డులోకి పాకుతుంది. తర్వాత మార్చాలంటే ఒక్కో రాష్ట్రానిది ఒక్కో తంతు. నిద్రలేని కళ్లతో సంతకం పెట్టేయకుండా, ఒక్కో అక్షరం పైకి చదివించుకోండి.

మామగారి మాటంటారా, బారసాల ఆహ్వానంలో రెండు ‘ఏ’లూ నిక్షేపంగా వేయించండి. ఫారంలో మాత్రం ఒక్కటే.