వాసన ప్యాకెట్‌లోనా, కప్పులోనా?

ఈసారి ఉత్తరాలన్నీ టీ చుట్టూనే తిరిగాయి. పాల టీ కాదు. విడి ఆకు, పూల టీలు, మూలికల మిశ్రమాలు. ఒకే రకం ప్రశ్నలను కలిపి జవాబు ఇస్తున్నాం.

ప్రశ్న: మా అమ్మాయి బెంగళూరు నుంచి నాలుగు రకాల టీలు తెచ్చిందండి. మల్లె, బెర్గమాట్ (నిమ్మజాతి పండు), స్ట్రాబెర్రీ, మసాలా. ప్యాకెట్ విప్పితే ఇల్లంతా ఘుమఘుమ. తీరా తాగితే వేడినీళ్ళే. స్ట్రాబెర్రీ అయితే మరీనూ. లోపం టీలో ఉందా, నా నాలుకలో ఉందా?
– పాలకొల్లు పాఠకురాలు

జవాబు: ప్యాకెట్ విప్పగానే గుప్పుమనేది చాలాసార్లు ఆకు పైన చల్లిన ఫ్లేవర్ వాసన. కప్పులో నిలిచేది వేరు. ఏది ఎంతో తేలాలంటే నాలుగింటినీ ఒకే కొలతతో, ఒకేసారి పక్కపక్కన పెట్టి చూడాలి. చెంచా కొలత ఇక్కడ పనికిరాదు. సీటీసీ గుళికలు (పాల టీకి వాడే మామూలు టీ పొడి) చెంచాడు రెండున్నర గ్రాముల దాకా తూగుతాయి, పూరేకులైతే అదే చెంచాడు ఒక గ్రాము తూగడం కష్టం. 0.1 గ్రాము చూపించే చిన్న డిజిటల్ కాటా ఒకటి కొనుక్కోండి.

టీ రుచి చూసే పద్ధతికి 1980 నుంచీ ఒక అంతర్జాతీయ ప్రమాణం ఉంది, ఐఎస్ఓ 3103. 100 మి.లీ. మరిగే నీళ్ళకు 2 గ్రాముల ఆకు, తెల్ల పింగాణీ పాత్ర, 6 నిమిషాలు. అలా దిగిన డికాషన్ తాగడానికి కడక్‌గా ఉంటుంది. కావాలనే అలా పెట్టారు, ఆకులో ఉన్న లోపం దాక్కోకుండా బయటపడాలని. ఇంట్లో మసాలా, బెర్గమాట్ లాంటి నల్ల టీలకు ఇదే కొలత వాడండి. మల్లె టీ సాధారణంగా గ్రీన్ టీ ఆకుతో చేస్తారు. దానికి 80 డిగ్రీల నీళ్ళు, 3 నిమిషాలు చాలు. థర్మామీటర్ లేకపోతే 5 గరిటెల మరిగే నీళ్ళలో 2 గరిటెల కాచి చల్లార్చిన నీళ్ళు కలపండి, దాదాపు 80కి వస్తుంది. మరిగే నీళ్ళు పోస్తే గ్రీన్ టీ చేదెక్కి, ఆ చేదు కింద మల్లె నలిగిపోతుంది.

నీళ్ళు పోసిన వెంటనే మూత పెట్టాలి. చాలామంది ఇక్కడే పొరపాటు పడతారు. మూత లేకపోతే ఆవిరితోపాటే వాసన కూడా పైకి పోతుంది. మీకు ‘వేడినీళ్ళు’ అనిపించడానికి సగం కారణం ఇదే కావచ్చు. టైమ్ అవగానే మూత తీసి, తిరగేసి, లోపలి చెమ్మ వాసన చూడండి. ఆ టీ ఇవ్వగలిగిన సువాసన అంతా ముందు ఆ మూతకే అంటుకుంటుంది. తర్వాత వడకట్టి, పిప్పిని మూతలోకి తీసి దాని వాసనా చూడండి. ఆకు విప్పుకుని నిండుగా, ఒకే రంగులో ఉందా, లేక ముక్కలు, పుల్లలు, నుసి ఎక్కువున్నాయా అన్నదీ అక్కడే తెలుస్తుంది.

ఇక తాగడం. చెంచాతో తీసుకుని గట్టిగా జుర్రండి, చప్పుడు అయితే సిగ్గుపడక్కర్లేదు. గాలితో కలిసి జల్లులా నాలుకంతా పరుచుకుంటేనే వాసన గొంతు వెనకనుంచి ముక్కుకెక్కుతుంది. వేడిగా ఒకసారి, గోరువెచ్చగా ఒకసారి, పూర్తిగా చల్లారాక ఒకసారి. చల్లారిన గుక్క అన్నిటికన్నా నిజం చెబుతుంది. చవక ఫ్లేవర్ ఉంటే అప్పుడు సబ్బు రుచో, దగ్గుమందు రుచో బయటపడుతుంది. అదే ఆకులో మళ్ళీ నీళ్ళు పోసి రెండో కప్పు కూడా తీయండి. పైన చల్లిన వాసన మొదటి నీళ్ళకే చాలావరకు కొట్టుకుపోతుంది. అసలు ఆకు, ఏలకులు, దాల్చినచెక్క రెండోసారి కూడా పలుకుతాయి.

వరుస కూడా ముఖ్యం. ముందు పూల టీ, తర్వాత బెర్గమాట్, పండ్ల టీ, చివర మసాలా. పుదీనా, అల్లం ముందు తాగితే తర్వాతి రెండు కప్పులూ తెలియవు. మధ్యలో గోరువెచ్చని నీళ్ళు, కాసిని మరమరాలు. ఆవకాయ తిన్న గంటలోపల, కిళ్ళీ వేసుకున్నాక, అగరొత్తి వెలుగుతున్న గదిలో రుచి చూడకండి. తలలో మల్లెపూలు పెట్టుకుని మల్లె టీకి మార్కులు వేయకండి.

స్ట్రాబెర్రీ సంగతి వేరు. ఆ వాసన తగలగానే మనసు తీపి, పులుపు రెండూ కోరుకుంటుంది. నాలుకకు రెండూ అందవు గనక చప్పగా అనిపిస్తుంది. సగం కప్పులో అర చెంచా పంచదార, రెండు చుక్కల నిమ్మరసం వేసి చూడండి. స్ట్రాబెర్రీ లేచి కూర్చుంటే టీలో లోపం లేదు. అప్పటికీ లేవకపోతే ఆ ప్యాకెట్‌కు మళ్ళీ డబ్బు పెట్టకండి. ఫ్లేవర్ కలిపిన టీ అయితే ఆ మాట, ఆ ఫ్లేవర్ పేరు ప్యాకెట్ మీద ఉండాలని నిబంధన. కొనేముందు అది చదవండి.

ప్రశ్న: ఏప్రిల్‌లో కాలువలు కట్టేశాక మాకు బోరు నీళ్ళే గతి. అప్పటినుంచీ డార్జిలింగ్ ఆకు నల్లగా, మందంగా దిగుతోంది, పైన తెట్టు కడుతోంది. అదే డబ్బా, అదే కొలత. ఆకు పాడైందా?
– రాజోలు పాఠకుడు

జవాబు: ఆకు బాగానే ఉందండి, మారింది నీళ్ళే. బోరు నీళ్ళలోని కాల్షియం, బైకార్బొనేట్లు టీలో వగరునిచ్చే పాలీఫినాల్స్‌తో కలిసి ఆ తెట్టు కడతాయి. కప్పు అంచున గోధుమరంగు గీత మిగిలేదీ దానివల్లే. డార్జిలింగ్‌లో ఉండే సన్నటి పూల వాసన ఇలాంటి నీళ్ళలో మొదట పోతుంది. కడక్ అస్సాం ఆకు కాస్త తట్టుకుంటుంది.

అనుమానం ఉంటే మూడు కప్పులు పెట్టండి. ఒకటి బోరు నీళ్ళతో, ఒకటి ప్లాంటు టిన్ను నీళ్ళతో, ఒకటి రెండూ కలిపి. టిన్ను నీళ్ళు ఒక్కటే వాడితే తెట్టు రాదు గానీ, టీడీఎస్ (నీళ్ళలో కరిగిన లవణాల లెక్క) 30, 40కి దించేసిన నీళ్ళయితే టీ పలచగా, ఒట్టి వగరుగా ఉంటుంది. టీకి 50 నుంచి 150 మధ్య బాగుంటుంది. మీ బోరు 400, టిన్ను 30 ఉన్నాయనుకోండి, ఒక గ్లాసు బోరుకు మూడు గ్లాసుల టిన్ను నీళ్ళు కలిపితే 120 దగ్గరికి వస్తుంది. టీడీఎస్ మీటరు చిన్నదే, చవకదే. నీళ్ళ కాఠిన్యం (గట్టిదనం) బైకార్బొనేట్లదే అయితే నీళ్ళు పది నిమిషాలు మరిగించి, చల్లార్చి, అడుగున తెల్లటి సుద్ద పేరుకున్నాక పైతేట వాడుకోవచ్చు. నోటికి ఉప్పగా తగిలే నీళ్ళకు మాత్రం మరిగించడం మందు కాదు, ఎంత మరిగిస్తే ఉప్పు అంత చిక్కబడుతుంది. కుళాయి నీళ్ళలో బ్లీచింగ్ వాసన ఉంటే రాత్రంతా వెడల్పాటి గిన్నెలో మూత లేకుండా ఉంచండి.

ప్రశ్న: హైబిస్కస్ టీలో పాలు పోస్తే విరిగిపోయాయి. హైబిస్కస్ అంటే మన మందారమే కదా, మందారం పాలు విరగ్గొడుతుందా?
– అమలాపురం పాఠకురాలు

జవాబు: ప్యాకెట్లలో వచ్చే హైబిస్కస్ పెరటి మందారం కాదు, ఎర్ర గోంగూర కాయల చుట్టూ ఉండే కండగల ఎర్ర రేకు. గోంగూరలో పాలు పోస్తే ఏమవుతుందో మీకు చెప్పాలా? ఈ టీని పాలు లేకుండానే తాగాలి. రుచి చూసేటప్పుడు పులుపు శుభ్రంగా ఉందా, చివర లోహపు రుచి ఉందా చూడండి. పులుపుకు గిన్నె లోహం కరుగుతుంది, అందుకే ఇనప, అల్యూమినియం గిన్నెలు వద్దు, స్టీలో గాజో వాడండి. పండ్ల మిశ్రమాల్లో రంగు కోసం దీన్ని ఎడాపెడా కలుపుతారు. పేరు మామిడి, పీచ్ అని ఉన్నా తాగితే పులుపు తప్ప ఇంకేమీ తగలకపోవడానికి కారణం అదే.

ప్రశ్న: శంఖుపుష్పం టీ నీలంగా ముచ్చటగా ఉంది గానీ రుచి లేదు. నకిలీదా?
– తణుకు పాఠకుడు

జవాబు: కాదు. దాని రుచి అంతే, పచ్చి చిక్కుడు వాసన కొంచెం. నిమ్మరసం పిండితే నీలం ఊదాకు తిరగాలి. తిరగలేదంటే అప్పుడు రంగు మీద అనుమానపడండి.

ప్రశ్న: మా డ్వాక్రా గ్రూపు నిమ్మగడ్డి, తులసి, శొంఠి, సొంపు, అతిమధురంతో మూలికల టీ చేసి అమ్ముదామనుకుంటోందండి. ఒక ప్యాకెట్ ఘాటుగా, ఇంకొకటి గడ్డినీళ్ళలా వస్తోంది. మాలో మాకే ఏది బాగుందో తెగడం లేదు. ఎలా తేల్చాలి?
– మండపేట పాఠకురాలు

జవాబు: ప్యాకెట్‌కు ప్యాకెట్‌కు తేడా రావడానికి మొదటి కారణం బరువు. శొంఠి ముక్కలు, సొంపు బరువు. నిమ్మగడ్డి, తులసి తేలిక. పెద్ద డబ్బాలో కలిపి గరిటెతో తీస్తే పైన తీసిన ప్యాకెట్లలోకి గడ్డి, అడుగు ప్యాకెట్లలోకి శొంఠి పోతాయి. అన్నిటినీ 3 నుంచి 5 మి.మీ. ముక్కలుగా ఒకే సైజుకు తెండి, నుసి జల్లించి తీసేయండి, ఏ ప్యాకెట్‌కు ఆ ప్యాకెట్ విడిగా తూచి నింపండి. మొదలుపెట్టడానికి 50 గ్రాముల ప్యాకెట్‌కు ఈ లెక్క: నిమ్మగడ్డి 25, తులసి 10, సొంపు 7.5, శొంఠి 5, అతిమధురం 2.5 గ్రాములు. అతిమధురం పెంచాలని అందరికీ అనిపిస్తుంది, పెంచకండి. దాని తీపి గొంతులో పట్టుకుని వదలదు, మిగతా రుచులన్నీ దాని వెనక పడిపోతాయి. పైగా ఎక్కువగా వాడితే బీపీ పెరుగుతుంది, ఆ మాట ప్యాకెట్ మీద రాయండి.

‘గడ్డినీళ్ళు’ అన్నది ఎండబెట్టడంలో వచ్చిన తప్పు. నిమ్మగడ్డికి ఆ వాసన ఇచ్చే సిట్రాల్ ఎండలో ఆరబెడితే ఎగిరిపోయి, ఎండుగడ్డి మిగులుతుంది. సెంటీమీటరు ముక్కలుగా కోసి నీడలో, ఫ్యాను కింద, పలచగా పరచండి. వానాకాలంలో మన డెల్టా గాలికి నీడలో ఆరదు, బూజు పడుతుంది. అప్పుడు డ్రయ్యర్‌లో 40, 45 డిగ్రీల మీద పెట్టాలి. కాడ వంగకుండా పుటుక్కున విరిగితే ఆరినట్టు.

ఇక తీర్పు. ‘బాగుందా’ అని అడిగితే ఎవరి ఇష్టం వాళ్ళు చెబుతారు, వాదన తెగదు. ముందు అసలు తేడా ఉందా అని అడగండి. మూడు ఒకేలాంటి స్టీలు గ్లాసులు. రెండింట్లో పాత మిశ్రమం, ఒకదాంట్లో కొత్తది. ఎందులో ఏముందో పోసినామెకు తప్ప ఇంకెవరికీ తెలియకూడదు, ఆమె గది బయట ఉండాలి. ‘వేరేది ఏది?’ అన్నది ఒక్కటే ప్రశ్న. గుడ్డిగా చెప్పినా ముగ్గురిలో ఒకరిది తగులుతుంది గనక ఆరుగురిలో కనీసం ఐదుగురు సరిగ్గా చెబితేనే నిజంగా తేడా ఉన్నట్టు లెక్క. అందరికీ 150 మి.లీ. మరిగే నీళ్ళకు 2 గ్రాములు, మూత పెట్టి 7 నిమిషాలు. ఒక పూటకు రెండు విడతలు మించితే నాలుక అలిసిపోతుంది.

తేడా తేలాకే మార్కులు. వాసన, మొదటి గుక్క, చివర మిగిలే రుచి – ఒక్కోదానికి 10. పక్కన కారణం రాయమనండి, ‘బాగోలేదు’ అనకుండా ‘శొంఠి మంట గొంతులో ఎక్కువ’, ‘తులసి లవంగంలా కొడుతోంది’ అని. అలా రాస్తేనే ఏది ఒక గ్రాము తగ్గించాలో తెలుస్తుంది. ఒకసారికి ఒకటే మార్చండి. అందరికీ నచ్చిన ప్యాకెట్‌ను సీలు వేసి దాచి, ప్రతి కొత్త కోతనూ దానితో పోల్చండి. కోత మారితే నిమ్మగడ్డి ఘాటు మారుతుంది. అమ్మేముందు ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) రిజిస్ట్రేషన్ తప్పనిసరి.

ప్రశ్న: మా వైపు మల్లెలు బోలెడు. ఇంట్లోనే మల్లె టీ చేసుకోవచ్చా?
– కడియం పాఠకురాలు

జవాబు: చేసుకోవచ్చు, పెరటి చెట్టు పూలయితేనే. దండలకు, అమ్మకానికి పెంచే పూలకు కొట్టే మందులు తినే పంట లెక్క చూసి కొట్టినవి కావు. గులాబీ, చామంతి కూడా అంతే.

విచ్చుకునే ముందున్న తెల్లటి మొగ్గలు మధ్యాహ్నం కోయండి. రాత్రి అవి విచ్చుకుంటున్నప్పుడు 100 గ్రాముల గ్రీన్ టీకి 70, 80 గ్రాముల పూలు పొరలుపొరలుగా వేసి, పలచటి గుడ్డ కప్పండి. ప్రతి నాలుగు గంటలకూ ఒకసారి చెయ్యి పెట్టి చూడండి, వెచ్చబడి ఉంటే కలియబెట్టండి. తెల్లారేలోపు, పూలు గోధుమరంగు తిరగకముందే ఏరి తీసేయాలి. పూలు అందంగా ఉన్నాయని వదిలేస్తే మాగిన వాసన పడుతుంది. అప్పటికి ఆకు పూల చెమ్మ పీల్చి మెత్తబడి ఉంటుంది, సన్నటి సెగ మీద మళ్ళీ పెళుసుగా ఆరాలి. చైనాలో ఇదే పనిని కొత్త పూలతో మళ్ళీమళ్ళీ చేస్తారు. ఇంట్లో రెండుసార్లు చేస్తే చాలు.

ప్రశ్న: సన్నబడే టీ అని మా వదిన పంపింది. తాగిన మర్నాడు పొద్దున్నే కడుపులో మెలిపెట్టి విరేచనాలు. పడకపోవడమేనా?
– భీమవరం పాఠకుడు

జవాబు: ప్యాకెట్ వెనక ‘సెన్నా’ అని ఉందేమో చూడండి. అది సునాముఖి, విరేచనాల మందు. తాగిన 6 నుంచి 12 గంటల్లో పని చేస్తుంది, కాబట్టి రాత్రి తాగితే పొద్దున్నే అని లెక్క సరిపోతోంది. తగ్గేది ఒంట్లో నీరే గానీ కొవ్వు కాదు. రుచిని బట్టి పట్టుకోవడం కష్టం, పుదీనా వేసి కప్పేస్తారు. పిప్పిని తెల్ల పళ్ళెంలో పరిచి చూస్తే కొన మొనదేలిన, పాలిపోయిన ఆకుపచ్చ సన్నాకులు కనిపిస్తాయి. ఆపేయండి. గుండె, బీపీ మందులు వాడేవాళ్ళు, గర్భిణులు అసలు ముట్టుకోకూడదు. ఆపాక కూడా తగ్గకపోతే ప్యాకెట్ పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

ప్రశ్న: వానాకాలంలో టీ ఆకు ముక్కిన వాసన వేస్తోంది. ఎండలో పెట్టమంటారా?
– నరసాపురం పాఠకురాలు

జవాబు: ఎండ వద్దు, ఉన్న కాస్త సువాసనా పోతుంది. ముందు వేళ్ళ మధ్య నలపండి. పొడిగా చిట్లితే అది పక్క సరుకు నుంచి పీల్చిన వాసన. ఎండుచేపల డబ్బా, ఇంగువ, కర్పూరం అదే అరలో ఉన్నాయేమో చూడండి. మెత్తగా వంగితే చెమ్మ పట్టింది. అయితే పొడి బాణలిలో సన్నటి సెగ మీద రెండు మూడు నిమిషాలు తిప్పి, పూర్తిగా చల్లారాక డబ్బాలో పెట్టండి. ఇది మామూలు నల్ల ఆకుకే, ఫ్లేవర్ టీకి పనికిరాదు. బూజు కనబడితే వేయించినా లాభం లేదు, పారేయండి. ఇకనుంచి 50 గ్రాములకు మించి కొనకండి, బిగుతు మూత ఉన్న రేకు డబ్బాలో నిండుగా పెట్టండి. ఫ్రిజ్‌లో మాత్రం వద్దు: తీసిన ప్రతిసారీ డబ్బా లోపల చెమ్మ పడుతుంది.