స్కాట్లాండ్‌లో కథలున్న చిన్న ఊరు ఒకటి చూడాలంటే ఎక్కడికి వెళ్లాలి?

ఎడిన్‌బరాలో ఉంటున్న నన్నడిగితే సెల్‌కిర్క్ అంటాను. వేవర్లీ స్టేషన్లో రైలెక్కి గాలాషీల్స్‌లో దిగితే అక్కణ్ణుంచి బస్సుంటుంది. కొండ మీది ఊరు, నడిబొడ్డున మూడు మూలల సంత మైదానం. అక్కడున్న నిలువెత్తు విగ్రహం నవలా రచయిత వాల్టర్ స్కాట్‌ది. 1799 నుంచి చనిపోయేదాకా, అంటే 1832 వరకూ, ఈ జిల్లాకి షెరిఫ్‌గా తీర్పులు చెప్పింది ఆయనే. ఆ కోర్టు భవనం ఇప్పటికీ ఉంది.

అయితే ఊరి గుండెల్లో ఉన్నది స్కాట్ కాదు, ఫ్లెచర్. 1513 సెప్టెంబర్ 9న ఫ్లాడెన్ దగ్గర ఇంగ్లండ్‌తో జరిగిన యుద్ధంలో స్కాట్లాండ్ రాజు నాలుగో జేమ్స్ చనిపోయాడు. సెల్‌కిర్క్ నుంచి 80 మంది వెళితే ఫ్లెచర్ ఒక్కడే తిరిగొచ్చాడట, శత్రువుల దగ్గర లాక్కున్న జెండాతో. మావాళ్లేరని జనం చుట్టుముడితే నోట మాట రాక, ఆ జెండాని గాల్లో తిప్పి నేలకి వాల్చాడట. రాజు చావు చరిత్ర. ఆ 80, ఆ ఒక్కడు మాత్రం తరాలుగా చెప్పుకుంటున్న కథ. 1913లో అతనికీ విగ్రహం పెట్టారు. లెక్కలు సరిచూసే ఓపిక ఊరికి లేదు, నాకూ లేదు.

వీలైతే జూన్‌లో కామన్ రైడింగ్‌కి వెళ్లండి. పొరుగువాళ్లు ఊరి భూములు కలుపుకోకుండా గుర్రాల మీద పొలిమేర చుట్టొచ్చే పాత ఆచారం అది. ఒక శుక్రవారం పొద్దున్నే వందల గుర్రాలు ఎట్రిక్ నది దాటి వెళ్తాయి. అవి తిరిగొచ్చాక సంత మైదానంలో వేదిక మీద ఒక్కొక్కరూ ఎక్కి బ్యాండ్ పాటకి తగ్గట్టు జెండా తిప్పుతారు. జెండా చాలా బరువు. నేను చూసినప్పుడు ఒకతని మణికట్టు వణకడం కింద నుంచే కనిపించింది. పని కోసం ఊరొదిలి పోయినవాళ్ల సంఘానికీ ఒక జెండా ఉంది. మనలాంటివాళ్లకి అది చూస్తే ఏదోలా ఉంటుంది. చివరి జెండా మాజీ సైనికులది. దాన్ని వాల్చాక రెండు నిమిషాల మౌనం.

తినడానికి సెల్‌కిర్క్ బన్నాక్. వెన్న, కిస్మిస్ దండిగా వేసిన గుండ్రటి రొట్టె. రాబీ డగ్లస్ అనే ఆయన 1859లో ఇక్కడే మొదలుపెట్టాడు. పక్కనున్న స్కాట్ ఇంటికొచ్చిన విక్టోరియా రాణి టీతో ఇది తప్ప ఇంకేమీ ముట్టలేదంటారు. రైడింగ్ రోజు ఊరికి సెలవు, కాబట్టి ముందురోజే కొని పెట్టుకోండి. గదులు కూడా నెలల ముందే బుక్ చేసుకోండి.