కొలత ఎంతని చెప్పారు? కేసు అక్కడే తేలుతుంది

ప్రశ్న: మాది సూర్యాపేట జిల్లా. నాకున్నది ఒకే లారీ, నేనే నడుపుకుంటాను. ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి వెనక యాక్సిల్‌కు శక్తినందించే కడ్డీ) వంగిపోతే 2024 ఆగస్టు 9న విజయవాడ ఆటోనగర్‌లోని ఒక దుకాణంలో 31,000 రూపాయలకు కొత్తది చేయించాను. పాతది తుక్కు కింద వాళ్లకే ఇచ్చేశాను. కొలత మా మెకానిక్ తీసి, వాళ్లకు వాయిస్ మెసేజ్ పంపాడు. సెప్టెంబరు 2న ధాన్యం లోడుతో వెళ్తుండగా కొత్త షాఫ్ట్ విరిగి గేర్‌బాక్స్ పగిలింది. మరమ్మతుకు 1,12,000 రూపాయలయింది. దుకాణం వారు ‘కొలత మీదే’ అంటున్నారు. వాయిదాలు తప్పాయి, అమ్మాయి పెళ్లి ఆగింది, ఇంటిల్లిపాదీ కుమిలిపోతున్నాం. ఆ మెసేజ్ తీసేసి, దుకాణం మనిషే వచ్చి కొలిచాడని మెకానిక్‌తో రాయించుకోమని మిత్రులు చెబుతున్నారు. నాకు న్యాయం జరుగుతుందా?

జవాబు: ముందుగా మెకానిక్‌కు ఫోను చేసి, ఆ మెసేజ్‌ను ముట్టుకోవద్దని చెప్పండి. కొలత ఎంతని చెప్పారో చూపే సాక్ష్యం మీకు అదొక్కటే.

పెళ్లి ఆగిందనీ వాయిదాలు తప్పాయనీ చెప్పినంత మాత్రాన దుకాణం తప్పు రుజువు కాదు. తేలవలసింది ఇదే: మీ వాళ్లు చెప్పిన పొడవెంత, వచ్చిన షాఫ్ట్ పొడవెంత? ఫలానా పనికి కావాలని చెప్పి, అమ్మేవాడి నైపుణ్యాన్ని నమ్మి కొన్న వస్తువు ఆ పనికి తగినదై ఉండాలని 1930 నాటి వస్తు విక్రయ చట్టం సెక్షన్ 16 చెబుతోంది. కొలత మీ మనిషే ఇచ్చాడు కనుక పొడవు విషయంలో ఆ వాదన మీకు నిలవదు. నిలిచేది సెక్షన్ 15. ఎలాంటి వస్తువు కావాలో చెప్పి కొంటే, వచ్చిన వస్తువు ఆ చెప్పినదానికి సరిపోవాలి. మెసేజ్‌లో 1,420 మిల్లీమీటర్లని ఉండి, చేతికి వచ్చింది 1,445 అయితే తప్పు దుకాణానిది. రెండూ ఒకటే అయితే మీరు నిలదీయవలసింది మెకానిక్‌ను. ఇప్పుడు చెప్పండి, తీసేయవలసిన మెసేజేనా అది?

అంకె ఒక్కటీ చూసి ఊరుకోకండి. ఒకరు ఫ్లాంజ్ (బోల్టులతో బిగించే చివరి పళ్లెం) నుంచి ఫ్లాంజ్‌కు కొలుస్తారు, మరొకరు క్రాస్ (షాఫ్ట్ చివర కీలులా తిరిగే భాగం) మధ్య నుంచి క్రాస్ మధ్యకు. ఈ రెండు అంకెలూ ఎప్పుడూ ఒకటి కావు. మెకానిక్ ఏది చెప్పాడో, స్లిప్ జాయింట్ (పొడవు సర్దుకునేలా లోపలికీ బయటికీ జరిగే భాగం) ఎంత బయటికి ఉండగా కొలిచాడో మెసేజ్ మళ్లీ విని రాసుకోండి. జాకీ మీద లేపి, యాక్సిల్ వేలాడుతుండగా కొలిచాడేమో కూడా అడగండి. బండి చదునైన నేల మీద, తన బరువు చక్రాల మీదే మోస్తూ నిలబడినప్పుడు తీసేదే సరైన కొలత. వేలాడే యాక్సిల్‌కు కొలిస్తే పొడవు ఎక్కువ వస్తుంది. ఆ కొలతతో చేసిన షాఫ్ట్‌కు లోడు పడి స్ప్రింగులు అణిగినప్పుడు లోపలికి జరగడానికి చోటు చాలదు, గేర్‌బాక్స్‌ను పొడుస్తుంది. అదే జరిగి ఉంటే అది మెకానిక్ సేవాలోపం. విరిగింది వెల్డింగ్ దగ్గరైతే కథ వేరు. పనితనం దుకాణానిది, అక్కడ సెక్షన్ 16 మళ్లీ మీ చేతికి వస్తుంది.

మిత్రులు చెప్పిన దారి మిమ్మల్ని జైలుకు పంపే దారి. మీరు ఫిర్యాదు వేయవలసింది వినియోగదారుల కమిషన్‌లో, దాని విచారణ న్యాయ విచారణ కిందే లెక్క. అందులో తప్పుడు సాక్ష్యం సృష్టించి వాడితే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 229 కింద ఏడేళ్ల వరకు శిక్ష పడవచ్చు. పైగా మెసేజ్ దుకాణం ఫోనులోనూ ఉంటుంది. వాళ్లు దాన్ని చూపించిన రోజున మీ మాట ఇక దేనికీ నమ్మరు.

పాత షాఫ్ట్‌ను తుక్కుకు ఇచ్చేయడం క్షమించరాని అజాగ్రత్త. సరైన పొడవు ఎంతో చెప్పగలిగే వస్తువది. కనీసం విరిగిన ముక్కలైనా అమ్మకండి, అతికించకండి, తుడవకండి. దుకాణానికీ మెకానిక్‌కూ స్పీడ్ పోస్టులో నోటీసు ఇచ్చి, తేదీ చెప్పి, వాళ్లు వచ్చినా రాకపోయినా ఒక ఆటోమొబైల్ ఇంజనీరుతో ముక్కలను కొలిపించి ఫొటోలతో నివేదిక తీసుకోండి. దుకాణం దాన్ని ఒప్పుకోకపోతే, పరీక్షకు ల్యాబుకు పంపమని కమిషన్‌ను కోరవచ్చు. మెసేజ్ దాఖలు చేసేటప్పుడు ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి కావలసిన భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 ధ్రువపత్రం జత చేయండి.

‘లారీ వ్యాపారానిది, మీరు వినియోగదారు కారు’ అని దుకాణం వారు తప్పకుండా అంటారు. స్వయం ఉపాధితో బతుకుతెరువుకే వాడే వస్తువు కొన్నవారు వినియోగదారులేనని 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(7) వివరణలో ఉంది. ఒకే లారీ అనీ, మీరే నడుపుతారనీ చూపే ఆర్‌సీ, లైసెన్సు, ట్రిప్పు రసీదులు జత చేయండి. కిరాయి నష్టం అడగాలన్నా ఆ రసీదులే ఆధారం.

ఫిర్యాదు వేయడానికి గడువు రెండేళ్లు, అదే చట్టం సెక్షన్ 69. షాఫ్ట్ విరిగిన రోజు నుంచి లెక్కించాలని వాదించవచ్చు. మీరు మాత్రం కొన్న తేదీ నుంచే లెక్కించుకోండి. అంటే 2026 ఆగస్టు 8 దాటకూడదు. ‘చూద్దాం, మాట్లాడదాం’ అని దుకాణం వారు ఎన్ని నెలలు తిప్పినా ఆ తేదీ కదలదు, నోటీసు ఇచ్చినా కదలదు. దాటితే ఆలస్యానికి తగిన కారణం చూపి కమిషన్‌ను ఒప్పించాలి. మీరు ఉండే ప్రాంతం ఏ జిల్లా వినియోగదారుల కమిషన్ కిందికి వస్తుందో అక్కడే, ఆన్‌లైన్‌లో ఫిర్యాదులు తీసుకునే ఈ-జాగృతి పోర్టల్ ద్వారా, దుకాణాన్నీ మెకానిక్‌నూ ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చి ఫిర్యాదు వేయండి. చెల్లించిన ధర ఐదు లక్షల లోపే కనుక ఫీజు ఉండదు. కొలత మీ మెకానిక్కే ఇచ్చాడన్న నిజాన్ని ఫిర్యాదు మొదటి పేజీలోనే రాయండి.