టెక్ సందేహాలు: విబ్రియో జీనోమ్‌లు పోల్చడానికి లక్ష రూపాయల ల్యాప్‌టాప్ కావాలా?

సందేహం: నమస్తే అండీ. మాది భీమవరం దగ్గర పల్లెటూరు. ఎం.ఎస్సీ. మైక్రోబయాలజీ రెండో ఏడాది చదువుతున్నాను. ప్రాజెక్టు కోసం విబ్రియో పారాహీమోలిటికస్ అనే బ్యాక్టీరియా స్ట్రెయిన్లు (ఉపరకాలు) ఆరింటి జీనోమ్‌లు, అంటే మొత్తం డీఎన్‌ఏ అక్షరాల వరుసలు పోల్చాలి. నాలుగు ఎన్‌సీబీఐ (అమెరికా ప్రభుత్వ జన్యు సమాచార వెబ్‌సైట్) నుంచి దించుకున్నాను. రెండు మా ల్యాబ్ వాళ్లు రొయ్యల చెరువు నీటి నుంచి తీసి సీక్వెన్సింగ్ చేయించినవి. నా ల్యాప్‌టాప్‌ది 8 జీబీ ర్యామ్, విండోస్. ఇది చాలదు, లక్ష పెట్టి కొత్తది కొనమని సీనియర్లు అంటున్నారు. నాన్నను అడగాలంటే టెన్షన్‌గా ఉంది. ఇంకో సందేహం. రెండు జీనోమ్‌ల అక్షరాలు ఎంత శాతం కలుస్తాయో చెప్పే ఫాస్ట్‌ఏఎన్‌ఐ ప్రోగ్రామ్‌లో పోలిక 98 శాతం పైనే వచ్చింది. ఏ స్ట్రెయిన్‌లో ఏ జన్యువులున్నాయో పోల్చే రోరీ ప్రోగ్రామ్‌లో చూస్తే మా ల్యాబ్ స్ట్రెయిన్లలో వందల కొద్దీ 'కొత్త జన్యువులు' కనిపిస్తున్నాయి. రెండూ ఎలా నిజమవుతాయి?

జవాబు: ముందుగా, నాన్నగారిని అడగకండి. ఈ పనికి మీ ల్యాప్‌టాప్ చాలు.

జీనోమ్ అనగానే పెద్ద డేటా అనుకుంటాం. 2003లో జపాన్ శాస్త్రవేత్తలు ప్రచురించిన ఈ బ్యాక్టీరియా జీనోమ్‌నే చూడండి. విబ్రియోకి రెండు క్రోమోజోములు. ఒకటి సుమారు 33 లక్షల అక్షరాలు, రెండోది 19 లక్షల లోపు. మొత్తం 52 లక్షల అక్షరాలంటే ఫైల్ సైజు 5 ఎంబీ. మీ ఫోన్‌లో తీసిన ఫొటో ఒకటి అంత ఉంటుంది. రోరీని తయారుచేసినవాళ్లు 2015లో వెయ్యి జీనోమ్‌లను 13 జీబీ ర్యామ్‌తో, ఒక్క ప్రాసెసర్ మీద నాలుగున్నర గంటల్లో పోల్చి చూపించారు. మీవి ఆరు.

ఈ ప్రోగ్రాములు లినక్స్ మీద నడుస్తాయి. కాబట్టి విండోస్‌లోనే లినక్స్‌ని నడిపించే డబ్ల్యూఎస్‌ఎల్ వేసుకుని దాని మీద ఉబుంటు (ఒక రకం లినక్స్) పెట్టుకోండి. మామూలుగా అది మీ ర్యామ్‌లో సగమే, అంటే 4 జీబీ వాడుకుంటుంది. కాన్ఫిగ్ ఫైల్‌లో 6 జీబీకి పెంచుకోవచ్చు. జీనోమ్ ఫైళ్లను సి డ్రైవ్‌లో ఉంచి ఉబుంటు నుంచి చదివించకండి, బాగా నెమ్మదిస్తుంది. ఉబుంటు హోమ్ ఫోల్డర్‌లోకే కాపీ చేసుకోండి. రా రీడ్స్ (సీక్వెన్సింగ్ యంత్రం ఇచ్చే చిన్న డీఎన్‌ఏ ముక్కలు) నుంచి అసెంబ్లీ చేయడం, అంటే వాటిని అతికి జీనోమ్ కట్టడం లాంటి బరువు పనులకు మాత్రం గెలాక్సీ వెబ్‌సైట్ వాడండి. ఉచితమే. పని వాళ్ల సర్వర్ల మీద జరుగుతుంది, మీకు కావాల్సింది నెట్ మాత్రమే.

ఇక మీ రెండో సందేహం. అసలు మాట్లాడుకోవాల్సింది దీని గురించే.

ఫాస్ట్‌ఏఎన్‌ఐ ఇచ్చిన ఫైల్‌ని ఇంకోసారి తెరవండి. ఒక్కో వరుసలో ఐదు గడులు ఉంటాయి. మొదటి రెండూ ఫైళ్ల పేర్లు, మూడోది శాతం. మనందరం అక్కడే ఆగిపోతాం. నాలుగో, ఐదో గడుల్లో ఏముందో చూడండి. ఈ ప్రోగ్రామ్ మొదటి జీనోమ్‌ని 3,000 అక్షరాల ముక్కలుగా కోస్తుంది. మీ విబ్రియో అయితే దాదాపు 1,700 ముక్కలు. వాటిలో రెండో జీనోమ్‌లో జోడీ దొరికినవెన్నో నాలుగో గడి చెబుతుంది, మొత్తం ముక్కలెన్నో ఐదో గడి చెబుతుంది. 98 శాతం అనేది జోడీ దొరికిన ముక్కల సగటు మాత్రమే. దొరకని ముక్కలు ఆ లెక్కలోకే రావు. కాబట్టి 98 శాతం పోలిక ఉన్నా వందల జన్యువులు తేడా ఉండొచ్చు, అందులో వింతేమీ లేదు. 95 దాటితే ఒకే స్పీషీస్ అనుకోవచ్చు. ఆ అంకె మీకు చెప్పగలిగేది అంతవరకే.

ఇది మీ ప్రాంతపు రొయ్య రైతులకు నేరుగా సంబంధించిన సంగతి. చెరువులో పిల్ల వేసిన నెల రోజుల్లోపే రొయ్యలు చచ్చిపోయే ఈఎంఎస్ జబ్బు 2009 ప్రాంతంలో చైనాలో మొదలై వియత్నాం, థాయ్‌లాండ్, మెక్సికోలను దెబ్బతీసింది. కారణం ఈ విబ్రియోనే అని 2013లో అరిజోనా విశ్వవిద్యాలయ బృందం తేల్చింది. కానీ ఈ జాతి బ్యాక్టీరియా అంతా రొయ్యను చంపదు. చంపే టాక్సిన్‌ని తయారుచేసే పిర్‌ఏ, పిర్‌బీ జన్యువులు క్రోమోజోముల్లో లేవు, సుమారు 70 వేల అక్షరాల ప్లాస్మిడ్ (క్రోమోజోముకి విడిగా ఉండే చిన్న డీఎన్‌ఏ వలయం) మీద ఉన్నాయి. 70 వేలని 3,000తో భాగించండి. 1,700 ముక్కల్లో 23. చెరువుని ఖాళీ చేసే స్ట్రెయిన్‌కీ, ఏ హానీ చేయని దానికీ మధ్య తేడా ఆ 23లో ఉందంటే, శాతం ఒక్కటే చూసి సరిపెట్టుకోవడం ఎంత ప్రమాదమో మీకే అర్థమవుతుంది. మీ రెండు స్ట్రెయిన్లలో ఈ రెండు జన్యువులూ ఉన్నాయేమో బ్లాస్ట్‌తో (ఒక డీఎన్‌ఏ వరుసని వేరే జీనోమ్‌లో వెతికే ప్రోగ్రామ్) ఈ రోజే వెతకండి. పక్కనే ట్రాన్స్‌పోజాన్ (చోటు మారుతూ పలుచోట్ల కనిపించే డీఎన్‌ఏ ముక్క) ఉండటంతో అసెంబ్లీ అక్కడే తెగిపోయే అవకాశం ఎక్కువ. అందుకే కాంటిగ్‌ల, అంటే అసెంబ్లీలో వచ్చిన ముక్కల చివరలు కూడా చూడండి.

అలాగని మీకు కనిపించిన వందలూ నిజమైన కొత్త జన్యువులే అనుకోకండి. ఎన్‌సీబీఐ ఫైళ్లలో జన్యువులను గుర్తించింది వాళ్ల ప్రోగ్రామ్. మీ ల్యాబ్ ఫైళ్లలో బహుశా ప్రొక్కా అనే ఇంకో ప్రోగ్రామ్. ఒకటి గుర్తించిన చిన్న జన్యువుని రెండోది వదిలేస్తుంది. జన్యువు ఎక్కడ మొదలవుతుందో కూడా రెండూ వేర్వేరుగా చెబుతాయి. కాంటిగ్ చివర తెగిన జన్యువు రెండు ముక్కలై రెండు 'కొత్తవి' అవుతుంది. ఇలాంటి జాబితాతో థీసిస్ రాసేసి, వైవాలో ఒక్క ప్రశ్నకి నోట మాట రాక నిలబడిన పిల్లలను చూశాను. మీకు ఆ పరిస్థితి రాకూడదు.

ఆరింటికీ ఎఫ్‌ఎన్‌ఏ ఫైళ్లు, అంటే ఉత్త డీఎన్‌ఏ అక్షరాలున్నవి మాత్రమే తీసుకోండి. పాత జీఎఫ్‌ఎఫ్ ఫైళ్లన్నీ (జన్యువులు ఎక్కడున్నాయో రాసి ఉన్నవి) పక్కన పెట్టి, ఒకే వెర్షన్ ప్రొక్కాతో ఆరింటిలోనూ జన్యువులను మళ్లీ గుర్తించండి. ఒక్కోదానికి పది, ఇరవై నిమిషాలు పడుతుంది. తర్వాత రోరీ బదులు అదే పని చేసే పనరూ ప్రోగ్రామ్ నడపండి. తెగిన జన్యువుల గొడవని అది చాలావరకు సరిచేస్తుంది. అప్పటికీ మిగిలిన 'కొత్త' జన్యువుల్లో ఓ పది తీసి, వాటి డీఎన్‌ఏని మిగతా ఐదు ఎఫ్‌ఎన్‌ఏ ఫైళ్లలో బ్లాస్ట్ చేయండి. అక్షరాలు అక్కడ కూడా ఉంటే అది కొత్తది కాదు, గుర్తించకుండా వదిలేసినది. అన్నిటికంటే ముందు మీ ల్యాబ్ జీనోమ్‌ల మొత్తం పొడవు, జీసీ శాతం (అక్షరాల్లో జీ, సీల వాటా) చూసుకోండి. పొడవు 52 లక్షల దరిదాపుల్లో, జీసీ 45 శాతం చుట్టూ ఉండాలి. పొడవు 80 లక్షలు వచ్చిందంటే నీటిలోని ఇంకో బ్యాక్టీరియా కలిసిందన్నమాట. అప్పుడు పోలిక ఆపేసి, కల్చర్‌ని మళ్లీ శుద్ధి చేయాల్సిందే.

సందేహం: ఆక్వా ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని సార్. జీనోమ్ ఫైల్ వర్డ్‌లో తెరిస్తే హ్యాంగ్ అవుతోంది. పేరు మార్చి సేవ్ చేశాక ఏ ప్రోగ్రామూ దాన్ని చదవడం లేదు.

జవాబు: వర్డ్‌లో సేవ్ చేసిన ఫైల్‌ని వాడకండి, అసలుది మళ్లీ దించుకోండి. నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్‌లో తెరవండి. మొదటి వరుసలో బాణం మొన లాంటి గుర్తు, దాని వెంటే పేరు, కింద ఏ, టీ, జీ, సీ అక్షరాలు కనిపిస్తాయి. పేరు మార్చాలంటే గుర్తుని అలాగే ఉంచి, దాని పక్కనున్నది మాత్రం మార్చండి, మధ్యలో ఖాళీలు వదలకండి. సేవ్ చేసే ముందు కింద కుడి మూల చూడండి. విండోస్ అని ఉంటే దాని మీద రైట్ క్లిక్ చేసి యునిక్స్‌కి మార్చండి. చాలా లినక్స్ ప్రోగ్రాములు తడబడేది ఈ వరుస చివరి గుర్తు దగ్గరే.