రీల్‌లో ‘హైదరాబాద్ క్యాంపస్’, రసీదులో మరో పేరు

ప్రశ్న: మాది మిర్యాలగూడ. 2024 వేసవిలో మా అమ్మాయి ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక రీల్ చూసింది. పొరుగు రాష్ట్రంలోని ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయం ‘హైదరాబాద్ క్యాంపస్’లో బీటెక్ సీట్లు ఉన్నాయని, యూజీసీ గుర్తింపు ఉందని, నూరు శాతం ఉద్యోగాలు వస్తాయని ఒక యువతి అందులో చెప్పింది. నంబరు పంపిన అరగంటకే ఫోన్ వచ్చింది. నా భార్య పుస్తెల తాడు తాకట్టు పెట్టి జూలై 18న 2,40,000 రూపాయలు కట్టాం. 2025 మార్చిలో ఉపకార వేతనం కోసం చూస్తే ఈపాస్‌లో ఆ కాలేజీ పేరే లేదు. గట్టిగా అడిగితే ‘సీజన్ అయ్యాక సర్దుతాం’ అని వాట్సాప్‌లో రాశారు. ఇంటర్ మెమో, టీసీ కావాలంటే సీటు రద్దు దరఖాస్తు మీద సంతకం పెట్టమంటున్నారు. అమ్మాయి చదువు మానేసి గదిలోంచి బయటికి రావడం లేదు. ఆ రీల్ ఇప్పుడు తీసేశారు. అచ్చం అలాగే మళ్లీ తయారు చేస్తానని మా మేనల్లుడు అంటున్నాడు. రీల్‌లోని యువతి మీద కూడా కేసు వేయాలి. మాకు న్యాయం జరుగుతుందా?

జవాబు: ముందు మీ మేనల్లుడిని ఆ కంప్యూటర్ ముందు నుంచి లేపండి. లేని సాక్ష్యాన్ని సృష్టించి కోర్టు ముందు పెట్టడం భారతీయ న్యాయ సంహిత 229వ సెక్షన్ కింద నేరం, ఏడేళ్ల వరకు జైలు. అవతలి లాయరు మొదట అడిగేది అసలు ఫైలు ఎక్కడ అనే. అది తయారైన తేదీ 2026 జనవరి అని తేలిన రోజు మీ చేతిలోని నిజమైన రసీదును కూడా ఎవరూ నమ్మరు.

ఇక కేసు. మీరు రాసిన నాలుగు పేజీల్లో దాన్ని తేల్చేవి రెండే మాటలు: ‘హైదరాబాద్ క్యాంపస్’. నూరు శాతం ఉద్యోగాలన్నది రేపటి ఆశ. అది అబద్ధమని రుజువు చేయడం కష్టం, దాని మీద బలం వృథా చేయకండి. యూజీసీ గుర్తింపు మాట నిజమే కావచ్చు, ఆ విశ్వవిద్యాలయానికి తన రాష్ట్రంలో గుర్తింపు ఉండే ఉంటుంది. కానీ ఒక రాష్ట్ర చట్టం కింద పుట్టిన ప్రైవేటు విశ్వవిద్యాలయం ఆ రాష్ట్రం దాటి క్యాంపస్ తెరవడానికి వీల్లేదని యూజీసీ పదే పదే చెబుతోంది. ప్రొఫెసర్ యశ్‌పాల్ వేసిన కేసులో 2005లో సుప్రీంకోర్టు ఛత్తీస్‌గఢ్ ప్రైవేటు విశ్వవిద్యాలయాల చట్టంలోని కీలక సెక్షన్లను కొట్టేసినప్పుడే రాష్ట్రం వెలుపలి కేంద్రాల సంగతి తేలిపోయింది. అంటే మీకు అమ్మింది లేని క్యాంపస్‌ను. ప్రకటన ఇచ్చిన రోజే అది అబద్ధం, రేపటితో దానికి సంబంధం లేదు.

మీరు పంపిన రసీదు నకలు చూశాను. పైన విశ్వవిద్యాలయం ముద్ర పెద్దగా ఉంది. అడుగున, స్టాంపు సిరా కింద సగం చెరిగి, ‘ఎడ్యుకేషనల్ సర్వీసెస్ ప్రైవేట్ లిమిటెడ్’ అని ఉంది. డబ్బు ఆ కంపెనీ ఖాతాలోకే వెళ్లింది. బర్రెను కొనేటప్పుడు పాలు పిండి చూసుకునే వాళ్లం, రెండు లక్షల నలభై వేలు ఎవరికి ఇస్తున్నామో చదవకుండా ఇస్తారా? యూజీసీ వెబ్‌సైటు చూడడానికి పది నిమిషాలు చాలు. కాంట్రాక్టు చట్టం 19వ సెక్షన్ చూపించి అవతలివారు ఇదే అంటారు. అయితే కాస్త శ్రద్ధ పెడితే నిజం తెలిసేదన్న వాదన పొరపాటున తప్పు చెప్పినవాడికి, మౌనంగా ఉండిపోయినవాడికి పనికొస్తుంది. తెలిసి అబద్ధం చెప్పినవాడికి పనికిరాదు.

మీరు వెళ్లాల్సింది వినియోగదారుల కమిషన్‌కు. అక్కడ ఆ చెరిగిన పేరు మీకు మేలు కూడా చేస్తుంది. విద్యాసంస్థలు, ప్రవేశాలకు ముందు అవి చేసే పనులు వినియోగదారుల చట్టం పరిధిలోకి రావని మను సోలంకి కేసులో జాతీయ వినియోగదారుల కమిషన్ 2020లో చెప్పింది. దాని మీద అప్పీలును అదే ఏడాది సుప్రీంకోర్టు స్వీకరించింది. అవతలివారి మొదటి అభ్యంతరం ఇదే అవుతుంది. మీ జవాబు: మాకు సీటు అమ్మింది విశ్వవిద్యాలయం కాదు, ఒక కంపెనీ. గుర్తింపు ఉందని అబద్ధపు ప్రకటన ఇచ్చి విద్యార్థులను చేర్చుకున్న బుద్ధిస్ట్ మిషన్ డెంటల్ కాలేజీ కేసులో 2009లో సుప్రీంకోర్టు విద్యార్థుల పక్షానే నిలిచింది. కాబట్టి కంపెనీని మొదటి ప్రతివాదిగా, విశ్వవిద్యాలయాన్ని రెండో ప్రతివాదిగా చూపండి. ఫిర్యాదుదారులుగా మీరు, మీ అమ్మాయి ఇద్దరూ ఉండాలి. 2019 చట్టం ప్రకారం మీరు నివసించే చోటే వేయవచ్చు, అంటే నల్లగొండ జిల్లా కమిషన్‌లో. చెల్లించిన సొమ్ము అయిదు లక్షల లోపు కనుక ఫీజు లేదు.

గడువు రెండేళ్లు. మార్చిలో తెలిసింది కదా, అక్కడి నుంచి లెక్కపెట్టాలని వాదించవచ్చు, ఆ వాదనలో బలమూ ఉంది. కానీ వాదించే అవసరం ఎందుకు తెచ్చుకోవాలి? డబ్బు కట్టిన తేదీ నుంచే లెక్కవేసి 2026 జూలై 17 లోపు ఫిర్యాదు దాఖలు చేయండి. లాయరు నోటీసు పంపితే గడువు ఆగుతుందని చాలామంది అనుకుంటారు, ఆగదు. వాళ్లు ‘సోమవారం సార్ వస్తారు’ అన్నప్పుడల్లా ఆగుతూ మీరు పది నెలలు గడిపేశారు.

సాక్ష్యం సంగతి. మీరు పంపిన స్క్రీన్‌షాట్ పైభాగం కత్తిరించి ఉంది. ఖాతా పేరు లేదు, తేదీ లేదు, మిగిలింది నవ్వుతున్న ఒక అమ్మాయి ముఖం. కత్తిరించని అసలు బొమ్మ మీ అమ్మాయి ఫోనులో ఉందేమో వెతకండి. ఆ ఫోను అమ్మకండి, రీసెట్ చేయకండి. ఆ రోజుల్లో ఆమె ఆ రీల్‌ను స్నేహితులకు పంపి ఉంటే వాళ్ల ఫోన్లూ చూడండి. ఇదే ప్రకటన ఇప్పటికీ డబ్బిచ్చి నడిపిస్తుంటే ఇన్‌స్టాగ్రామ్ యజమాని మెటా అందరికీ తెరిచి ఉంచే ‘యాడ్ లైబ్రరీ’ అనే ప్రకటనల జాబితాలో మొదలైన తేదీతో సహా కనిపిస్తుంది. అది మీ రీల్ కాదు, కానీ వాళ్ల అలవాటు ఏమిటో చూపుతుంది.

మీరు ఒక్క వాక్యంలో దాటేసిన ‘సీజన్ అయ్యాక సర్దుతాం’ అనే మెసేజ్ ఈ కాగితాలన్నిటికంటే విలువైనది. డబ్బు తిరిగి ఇవ్వాల్సి ఉందని వాళ్లే ఒప్పుకున్నారు. ఆ చాట్‌లో మెసేజ్‌లు 90 రోజులకు మాయమయ్యే అమరిక ఉందేమో ఈ రోజే చూసి, ఉంటే తీసేయండి. చాట్ మొత్తాన్ని ఎక్స్‌పోర్ట్ చేయండి. భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి కోరే ధ్రువపత్రాన్ని లాయరుతో రాయించి జతచేయండి. వినియోగదారుల కమిషన్ సాక్ష్య చట్టాన్ని అక్షరం అక్షరం పట్టుకోదు, కానీ రేపు సివిల్ కోర్టుకు వెళ్లాల్సి వస్తే అది లేకుండా అడుగు ముందుకు పడదు.

ఈపాస్‌లో పేరు లేకపోవడం మోసానికి రుజువు కాదు. ఆ పథకం వర్తించని సంస్థలు చాలా ఉన్నాయి. మీకు కావాల్సింది సంతకం ఉన్న ఒక కాగితం. పది రూపాయల ఫీజుతో యూజీసీకి సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ఫలానా విశ్వవిద్యాలయానికి ఫలానా చిరునామాలో క్యాంపస్ నడపడానికి అనుమతి ఉందా, ఉంటే ఏ తేదీన ఇచ్చారు, ఇంతే అడగండి. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. తెలంగాణ ఉన్నత విద్యామండలికీ అదే ప్రశ్న పంపండి. ‘అనుమతి లేదు’ అనే జవాబు చేతికి వచ్చాక పోలీసు ఫిర్యాదు గురించి ఆలోచించవచ్చు. ఇప్పుడు వెళ్తే డబ్బు తగాదా, సివిల్ కోర్టుకు వెళ్లమంటారు.

సీటు రద్దు దరఖాస్తు మీద మాత్రం సంతకం పెట్టకండి. పెడితే మీరు మనసు మార్చుకుని వెళ్లిపోయిన విద్యార్థి అవుతారు. 2018 నాటి యూజీసీ నిబంధనల ప్రకారం ప్రవేశాల చివరి తేదీ దాటి ముప్పై రోజులయ్యాక సీటు వదిలితే పైసా కూడా వెనక్కి రాదు. మీరు సీటు వదులుకోవడం లేదు, అబద్ధం చెప్పి చేర్పించుకున్నారని అంటున్నారు. ఈ తేడా ప్రతి ఉత్తరంలో కనిపించాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు అట్టిపెట్టుకోకూడదని కూడా అదే నిబంధనల్లో ఉంది. ఆ వాక్యాన్ని ఉటంకిస్తూ మెమో, టీసీ పదిహేను రోజుల్లో ఇవ్వాలని కంపెనీకీ విశ్వవిద్యాలయ రిజిస్ట్రారుకూ అందినట్టు రుజువు వచ్చేలా స్పీడ్ పోస్టులో రాయండి. కమిషన్‌లో మధ్యంతర ఉత్తర్వు, అంటే తీర్పుకు ముందే ఇచ్చే ఆదేశం, కోరేటప్పుడు మొదట ఇవే అడగండి. వచ్చే ప్రవేశాలకు మీ అమ్మాయికి అవి కావాలి.

రీల్‌లోని యువతి గురించి కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు రాయవచ్చు. తప్పుదోవ పట్టించే ప్రకటనలో కనిపించినవారికి పది లక్షల వరకు జరిమానా వేసే అధికారం దానికి ఉంది. ఆ డబ్బు మీకు రాదు. కాబట్టి ఆ ఉత్తరాన్ని అన్నిటికంటే చివర రాయండి, సమాచార హక్కు దరఖాస్తు ఈ వారమే పంపండి.