పాత మిల్లింగ్ మెషిన్ కొనడానికి వెళ్తుంటే జేబులో డయల్ గేజ్ పెట్టుకెళ్ళు

తమ్ముడూ,

నీ మెసేజ్ చదివా, ఫోటోలూ చూశా. సీఎన్‌సీకి, అంటే కంప్యూటర్‌తో నడిచేలా, మార్చడానికి ఆ మూడు పాత మిల్లింగ్ మెషిన్లలో ఏది తీసుకోమంటావన్నా అని అడిగావు గానీ ఫోటోలో కనిపించేది పెయింటేరా. నేను మొదటిసారి కొన్న మిల్లు కూడా అలాగే పచ్చగా తళతళలాడుతుంటే మురిసిపోయి తెచ్చుకున్నా. తీరా షెడ్డులో పెట్టి టేబుల్ మధ్యలో ఉండగా లూజు పోయేలా గిబ్ (స్లైడు సందులో బిగించే పట్టీ) బిగిస్తే, చివరికి తిప్పేసరికి హ్యాండిల్ కదల్లేదు. చివర్లో సరిపడా వదులు చేస్తే మధ్యలో మళ్ళీ గడగడ. అంటే ఏళ్ల తరబడి వైస్ నడిమధ్యలో పెట్టి అక్కడే పని చేశారు, టేబుల్ జారే స్లైడు అక్కడే అరిగిపోయింది. అమ్మినాయన చెప్పలేదు, నేనూ అడగలేదు, ఇంక ఎవర్ని అనుకుంటాం.

అందుకని ముందు చూడాల్సింది స్లైడ్లే. నువ్వు సీఎన్‌సీకి మారుస్తున్నావు కాబట్టి టేబుల్‌ని కదిపే లీడ్ స్క్రూలు ఎలాగూ తీసి పక్కన పడేస్తావు, లోపల గుండ్ల మీద తిరిగే బాల్ స్క్రూలు వేస్తావు, మోటార్లు కొత్తవి, కంట్రోలర్ కొత్తది. మార్చలేనిది ఇనుమే. స్లైడు అరిగితే గ్రైండింగు, స్క్రేపింగు, ఆ ఖర్చుకి ఇంకో మెషిన్ వస్తుంది. చేత్తో తిప్పేటప్పుడు చివర్లో కొంచెం బిగుతుగా ఉన్నా మనం సర్దుకుంటాం, ఒక్కో స్టెప్పుగా తిరిగే స్టెప్పర్ మోటారు సర్దుకోదు, స్టెప్పులు వదిలేసి ఏమీ జరగనట్టు ముందుకెళ్ళిపోతుంది, జాబ్ పాడయ్యాక గానీ నీకు తెలీదు.

డయల్‌ని, అదే సన్నటి కదలికని ముల్లుతో చూపించే గేజ్‌ని, మ్యాగ్నెట్ స్టాండుతో హెడ్‌కి (కట్టర్ ఉండే పై భాగానికి) పట్టించి, మొన టేబుల్ మీద బిగించిన ఏదైనా బ్లాకుకి ఆనించు. హ్యాండిల్ ఒకవైపు తిప్పి ముల్లు కదిలాక ఆపు, హ్యాండిల్ మీద అంకె గుర్తు పెట్టుకుని వెనక్కి తిప్పు, ముల్లు మళ్ళీ కదిలేదాకా ఎన్ని గీతలు ఖాళీగా తిరిగిందో అదే బ్యాక్‌లాష్. దీన్ని మధ్యలో ఒకసారి, రెండు చివర్లా ఒక్కోసారి చెయ్యాలి, అందరూ ఒక్కచోట చేసి వచ్చేస్తారు. మధ్యలో 0.3 మిల్లీమీటర్లు, చివర్లో 0.1 వచ్చిందనుకో, స్క్రూ మధ్యలో అరిగింది, స్లైడు కూడా అక్కడే అరిగి ఉంటుందని అనుమానించు. అంతటా ఒకేలా ఉంటే నట్టో, స్క్రూ చివర బేరింగో లూజు, దానికి భయపడక్కర్లేదు, బేరం ఆడుకోవడానికి పనికొస్తుంది.

ఎవరైనా బ్యాక్‌లాష్ సాఫ్ట్‌వేర్‌లో సెట్ చేసుకోవచ్చులే, పాత స్క్రూలే ఉంచేయ్ అంటే వినకు. సాఫ్ట్‌వేర్ పొజిషన్ సరిచేస్తుంది గానీ టేబుల్‌ని పట్టుకోలేదు కదా. క్లైంబ్ మిల్లింగ్‌లో (టేబుల్ కదిలే వైపే కట్టర్ పళ్ళు కోసే పద్ధతి) కట్టర్ టేబుల్‌ని తనవైపు లాక్కుంటుంది, ఆ ఖాళీ అంతా ఒక్కసారిగా జారి కట్టర్ విరుగుతుంది.

కొనేముందు శాడిల్ (టేబుల్‌ని మోసే భాగం) కిందకి టార్చి వేసి చూడు. బాల్ నట్టు మామూలు నట్టు కన్నా లావు, చోటు లేకపోతే శాడిల్‌నే మిల్లింగ్ చెయ్యాల్సి వస్తుంది, అదేమో ఇంకో మిల్లు ఉన్నవాడి పని.

జడ్ యాక్సిస్, అంటే పైకీ కిందకీ కదిలే దాని గురించి బాగా ఆలోచించు. బ్రిడ్జ్‌పోర్ట్ కంపెనీ 1938లో తెచ్చిన ఆ డిజైనూ, దాన్ని చూసి చేసినవీ ఎక్కువ దొరుకుతాయి, మంచివే, కానీ వాటి క్విల్, అంటే కట్టర్‌ని తిప్పే స్పిండిల్‌ని కిందకి దింపే గొట్టం, 127 మిల్లీమీటర్లే దిగుతుంది. క్విల్‌కి మోటారు పెడితే డ్రిల్లింగ్‌కి హాయి, పొడవు టూల్‌తో లోతు పాకెట్ తియ్యాలంటే ఇరుకు. అలా కాక టేబుల్‌ని పైకెత్తే ‘నీ’ (knee) భాగానికి మోటారు పెడితే ఆ బరువంతా మొయ్యాలి. పైగా బాల్ స్క్రూకి రాపిడి తక్కువ, కరెంటు పోతే బరువుకి తనంతట తనే తిరిగి కిందకి జారిపోతుంది, బ్రేకున్న మోటారో, కౌంటర్ వెయిటో ఉండాల్సిందే. టేబుల్ కాకుండా హెడ్ పైకీ కిందకీ కదిలే బెడ్ టైపు దొరికితే ఇంత గొడవ లేదు. గుండ్రటి కాలమ్ ఉన్న చిన్నది, నీ రెండో ఫోటోలోది, వద్దు. హెడ్ పైకి లేపిన ప్రతిసారీ పక్కకి తిరిగి జీరో పోతుంది.

నన్నడిగితే మూడోదే చూడు, పాత సీఎన్‌సీ మిల్లు, కంట్రోలర్ చచ్చిపోయిందని మూలన పడేశారన్నావే, అదే. దానికి బాల్ స్క్రూలు, ఆయిల్ పంపు, మోటార్లు, ఎన్‌కోడర్లు (మోటారు ఎంత తిరిగిందో చెప్పేవి) ముందే ఉంటాయి, పోయింది బుర్ర ఒక్కటే. పాత డీసీ సర్వోలైతే బ్రష్షులు మార్చుకుని వాడుకోవచ్చు, మోటార్లని నడిపే డ్రైవులు బతికుండి ప్లస్ మైనస్ 10 వోల్టుల సిగ్నల్ తీసుకునేవైతే లైనక్స్‌సీఎన్‌సీ అనే కంట్రోల్ సాఫ్ట్‌వేర్‌కి సరైన కార్డు వేసి నడిపించొచ్చు. వైరింగ్ డ్రాయింగులు అడిగి తీసుకో, అవి లేకపోతే ఒక్కో వైరూ వెతుక్కుంటూ నెల పోతుంది. అయితే ఆ బాల్ స్క్రూలకీ డయల్ పరీక్ష తప్పదు, ఈసారి వాటిని పారేసేది లేదు కదా. అక్కడ 0.05 దాటిందంటే నట్టుకో బేరింగుకో ఖర్చుందని లెక్క వేసుకో.

స్పిండిల్ సంగతి తొందరగా చెప్తా. టూల్ కూర్చునే టేపర్ లోపల డయల్ మొన ఆనించి చేత్తో తిప్పు, 0.01 లోపు ఉంటే బాగున్నట్టే. తర్వాత టూల్ లేకుండా, టాప్ స్పీడ్‌లో అరగంట తిప్పమను. బేరింగు దగ్గర గోరువెచ్చగా ఉంటే సరే, చెయ్యి ఆనించలేనంత కాలితే బేరింగుల డబ్బు తగ్గించి అడుగు. మోటారు త్రీ ఫేజ్ అయి నీ దగ్గర సింగిల్ ఫేజే ఉందనుకో, వీఎఫ్‌డీ (సింగిల్ ఫేజ్‌ని త్రీ ఫేజ్‌గా మార్చి ఇచ్చే డ్రైవు) పెట్టుకోవచ్చు, దానికోసం మంచి మెషిన్ వదులుకోకు. బరువు, గుమ్మం వెడల్పు మాత్రం ముందే కొలుచుకో.

ఇంకోటి, వెళ్ళేముందు ఫోన్ చేసి నేనొచ్చేదాకా మెషిన్ ఆన్ చెయ్యొద్దని చెప్పు. చల్లగా ఉన్నప్పుడే బేరింగు శబ్దం బయటపడుతుంది, నువ్వెళ్ళేసరికే అది వెచ్చగా ఉంటే ఎందుకు ముందే తిప్పారో అడుగు. డయల్ లేకపోతే నాది తీస్కెళ్ళు, కానీ తిరిగి ఇవ్వు, పోయినసారిది ఇంకా రాలేదు.